పాత ఫ్రీ డిష్ బాక్సులో సాఫ్ట్‌వేర్ మారిస్తే ఎంపెగ్-4 చానెళ్లు వస్తాయా?

రావండీ. ఎంపెగ్-4 అంటే వీడియోను కుదించి పంపే ఒక పద్ధతి. ఊళ్లో మీ అమ్మగారి బాక్సులో కొన్ని చానెళ్లకు మాట వినిపిస్తోంది, బొమ్మ మాత్రం రావట్లేదు, పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేస్తే సరిపోతుందా అని అడిగారు. ఈ విషయంలో షాపాయన చెప్పిందే కరెక్టు, బాక్సు మార్చాల్సిందే.

బెంగళూరులో సెట్‌టాప్ బాక్సు చిప్‌ల టెస్టింగ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. వీడియోను విప్పే పని అందులోని ప్రాసెసర్ చెయ్యదు, దానికంత ఓపిక లేదు. హెచ్‌డీ బొమ్మను కుదించకుండా పంపితే సెకనుకు 600 మెగాబిట్లు దాటుతుంది. మన దాకా వచ్చేది అందులో నూరో వంతు. దాన్ని మళ్లీ బొమ్మగా పేర్చడానికి చిప్‌లోనే ఓ మూల విడిగా డీకోడర్ సర్క్యూట్ ఉంటుంది. ఫ్యాక్టరీలో అందులో ఏ పద్ధతి చెక్కారో అదొక్కటే దానికి వచ్చు. మీ పాత బాక్సుకు వచ్చింది 90ల నాటి ఎంపెగ్-2. ఇప్పుడు ఎంపెగ్-4 అని అమ్ముతున్నది 2003లో వచ్చిన హెచ్.264. దాని లెక్కలే వేరు: అంతకుముందు వచ్చిన చాలా ఫ్రేముల్లో (వరుస బొమ్మల్లో) పోలిక వెతుకుతుంది, కుదించేటప్పుడు పడే గళ్ల అంచులు కనబడకుండా నునుపు చేస్తుంది. ఆడియో మాత్రం చాలాచోట్ల పాత పద్ధతిలోనే పంపుతారు, అందుకే మీకు మాట వస్తోంది.

మా ల్యాబులో డీకోడర్లను ఏడిపించడానికి పూలరేకులు చల్లే సీన్లు, వాన సీన్లు వేసేవాళ్లం. ప్రతి రేకూ ఒక్కో దిక్కుకు పోతుంటే పోలిక దొరకదు కదా! క్రికెట్‌లో జనం మీదికి కెమెరా తిరగ్గానే బొమ్మ గళ్లుగళ్లుగా అయ్యేదీ ఇందుకే. అది చాలాసార్లు చానెల్‌వాళ్లు బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) పిసినారితనంగా ఇవ్వడం వల్ల, కొత్త బాక్సు కొన్నా పోదు.

పాత బాక్సు మూత తీస్తే సిగ్నల్ పట్టే ట్యూనర్‌కు రేకు డబ్బా, ఆ సిగ్నల్లోంచి డేటా తీసే డీమాడ్యులేటర్, డీకోడర్ అన్నీ విడివిడిగా కనబడేవి. ఇప్పుడు దాదాపు అంతా ఒకే చిప్, పక్కన కాస్త మెమరీ. అందుకే బాక్సు అరచేతిలో పడుతోంది. చిప్ పోతే మాత్రం రిపేరు ఆశ వదులుకోవాలి. పవర్ సప్లైలో కెపాసిటర్ ఉబ్బితే ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో ఏ కుర్రాడైనా మార్చేస్తాడు.

కొనేటప్పుడు డీవీబీ-ఎస్2 (శాటిలైట్ సిగ్నల్ పంపే కొత్త పద్ధతి) అని కూడా రాసుందో లేదో చూడండి, లేకపోతే కొన్ని చానెళ్లకు సిగ్నలే పట్టదు. డిష్, దాని ముందుండే సిగ్నల్ పట్టే ముక్క ఎల్‌ఎన్‌బీ పాతవే పనికొస్తాయి. అమ్మగారిది పాత డబ్బా టీవీ అయితే ఏవీ అవుట్ (పాత టీవీకి వైరు కలిపే సాకెట్) ఉన్న బాక్సే అడిగి తీసుకోండి.