రోజంతా జనంలో ఉద్యోగం, ఇంట్లో ఆయాసం ఉన్న అమ్మ: వైరస్ ఇంటికి మోసుకెళ్ళకుండా ఎలా?

మీరు ఏసీ బట్టల షాపులో పనిచేస్తారు, అమ్మగారికి ఆయాసం, ఉద్యోగం మానే వీలు లేదు. కరోనా, ఫ్లూ లాంటివి ఇంటికి తీసుకెళ్ళకుండా ఉండాలంటే నిజంగా పనికొచ్చే జాగ్రత్తలేమిటని అడిగారు. నేను ఆర్టీసీ కండక్టర్‌ని, పల్లెవెలుగు బస్సులో డ్యూటీ. మా అమ్మకి సీవోపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు. కట్టెల పొయ్యి ముందు సగం జీవితం గడిపిన మనిషి. 2020 నుంచి మా ఇంట్లో పాటిస్తున్నవాటిలో నేను గట్టిగా నమ్మేవి చెబుతాను.

అన్నిటికంటే ముందు గాలి సంగతి చూడండి. 2020లో అందరం వస్తువుల మీద పడ్డాం. కూరగాయలు ఉప్పునీళ్ళలో కడిగాం, నోట్లు ఎండలో ఆరబెట్టాం, పాల ప్యాకెట్లకి సబ్బు రాశాం. అప్పుడు మనకి అందిన సమాచారం అలాంటిది. కరోనా గాలి ద్వారా వ్యాపించేది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020 మార్చిలో ప్రకటించింది. గాలి ఆడని గదుల్లో దూరంగా ఉన్నవాళ్ళకి కూడా అంటుకోవచ్చని 2021 ఏప్రిల్ చివరికి గానీ ఒప్పుకోలేదు. ఆ మే నెలలో మన కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం ఒక సూచన ఇచ్చింది: పెద్ద తుంపరలు 2 మీటర్లలోపే రాలిపోతాయి, సన్నటివి గాలిలో 10 మీటర్ల దాకా పోగలవు, కిటికీలు తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వాడండి అని.

బస్సులో పనిచేసేవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. వెనక సీట్లో ఎవరైనా బీడీ ముట్టిస్తే ముందున్న డ్రైవర్‌కి వాసన కొడుతుంది. మనం మాట్లాడినా, దగ్గినా, ఊరికే ఊపిరి వదిలినా వచ్చే సన్నటి తుంపర కూడా అలాగే పరుచుకుంటుంది. కిటికీలు తెరిచి ఉండి బస్సు కదులుతుంటే చెదిరిపోతుంది. వాన వచ్చి అద్దాలన్నీ మూసేశారంటే లోపలే తిరుగుతుంది. అందుకే ఎండాకాలం రద్దీ కంటే వానాకాలం రద్దీలో నేను ఎక్కువ జాగ్రత్తగా ఉంటాను. జల్లు కొట్టని వైపు ముందొకటి, వెనకొకటి అద్దం జానెడు తీయిస్తాను. కొందరు విసుక్కుంటారు. "పెద్దవాళ్ళున్నారమ్మా, కాస్త గాలాడనివ్వండి" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

మీ షాపులో ఉండేది స్ప్లిట్ ఏసీ అయితే అది బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. ఓనరుతో మాట్లాడి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించగలిగితే మీతోపాటు అక్కడ పనిచేసే అందరికీ మేలు. అది కుదరకపోయినా మీ చేతిలో ఉన్నది ఒకటుంది, మధ్యాహ్నం భోజనం. పొద్దున్నుంచి మాస్కు పెట్టుకున్నవాళ్ళు కూడా అప్పుడు తీసేస్తారు. స్టాఫంతా ఒక ఇరుకు గదిలో చేరి, క్యారేజీలు విప్పి, కబుర్లు చెప్పుకుంటూ తింటారు. మీరు మాత్రం మేడ మీదికో, మెట్ల దగ్గరికో వెళ్ళి తినండి. డిపోలో నేను మొదటినుంచీ చెట్టు కిందే తింటాను, టీ కూడా కొట్టు బయట నిలబడే తాగుతాను. మొదట్లో ఎందుకలా అని అడిగినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఇప్పుడు నాతోపాటే కూర్చుంటున్నారు.

మాస్కు అంటే ఎన్95 కొనండి. దానిలోని పొరకి విద్యుదావేశం ఉంటుంది, సన్నటి కణాలని పట్టుకోవడంలో దాని పాత్ర పెద్దది. సబ్బు పెట్టి ఉతికితే అది పోతుంది, ఇక మామూలు గుడ్డతో సమానం. కాబట్టి ఉతకకుండా నాలుగైదు దగ్గర పెట్టుకుని, వాడినదాన్ని కాగితం కవర్లో ఆరనిచ్చి, రోజుకొకటి మార్చి వాడండి. తాళ్ళు వదులైనా, ముక్కు దగ్గర సందు వచ్చినా పారేయండి. గుండ్రటి వాల్వు ఉన్నది వద్దు. మనం వదిలే ఊపిరి దాంట్లోంచి వడకట్టకుండానే బయటికి పోతుంది, అంటే మీ నుంచి అమ్మగారికి రక్షణ తగ్గుతుంది. అన్ని రోజులూ పెట్టుకోవాలని నేను అనను. ఊళ్ళో జ్వరాలు ఎక్కువగా ఉన్నప్పుడు, పండగ సీజన్‌లో షాపు కిక్కిరిసినప్పుడు తప్పనిసరి.

చేతులు కడుక్కోవడం మానొద్దు. ఇతర జలుబులు, విరేచనాలు తెచ్చే వైరస్‌లకి అదే మందు. నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు నాలుకకి తడిపే అలవాటు మన కౌంటర్ల దగ్గర ఇంకా ఉంది. తడి స్పాంజి డబ్బా ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక ఇంట్లో. గొంతులో గరగర మొదలైందంటే టెస్టు కోసం ఆగను. ఆ పూట నుంచే ఇంట్లో మాస్కు, పడక వసారాలో, కంచం వేరుగా. ఎందుకంటే కరోనా లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే అంటుకుంటుంది, అప్పటికే ఆలస్యమైనట్టు. ఇంట్లో చేసుకునే ర్యాపిడ్ టెస్టు మొదటి రోజు నెగెటివ్ వచ్చినా నిశ్చింతగా ఉండకండి, 48 గంటల తర్వాత మళ్ళీ చేయండి. అమ్మ మంచం కిటికీ పక్కన వేశాం. ఎదురుగా ఉన్న తలుపు తెరిస్తే గాలి అడ్డంగా సాగిపోతుంది. ఆ వీలు లేని గదిలో టేబుల్ ఫ్యాను కిటికీ వైపు తిప్పి పెడితే లోపలి గాలిని బయటికి నెడుతుంది. చలికాలం మంచు పడుతుందని పూర్తిగా మూసేయకుండా, అమ్మకి స్వెట్టరు వేసి కాస్త సందు ఉంచుతాం.

అన్నిటికన్నా కష్టమైంది చుట్టాల సంగతి. జలుబుతో ఉన్నవాళ్ళు "పెద్దమ్మని చూసి పోదామని వచ్చాం" అంటే గుమ్మంలో ఆపలేం. మా ఆవిడ దీనికి మంచి మార్గం చూసింది. వస్తున్నామని ఫోన్ చేసినప్పుడే "అమ్మకి ఊపిరి బాగోట్లేదు వదినా, పిల్లలకి దగ్గులేమైనా ఉంటే తగ్గాక రండి, నాలుగు రోజులుండి వెళ్దురు" అంటుంది. ఎవరూ నొచ్చుకోలేదు.

ఇంత చేసినా 2022 జనవరిలో అమ్మకి కరోనా వచ్చింది. టీకాలు వేయించి ఉన్నాం, ఇన్‌హేలర్ ఆపలేదు, డాక్టర్‌కి వెంటనే ఫోన్ చేశాం, ఇంట్లోనే తగ్గింది. ఆవిరి పట్టమని చాలామంది చెప్పారు. ఆవిరి వైరస్‌ని చంపదు. వణికే చేతులతో మరిగే నీళ్ళ గిన్నె దగ్గర కూర్చుంటే ఒళ్ళు కాలే ప్రమాదమే ఎక్కువ. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌లు మాత్రం వాడకండి. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. అదుపులో లేని షుగరుకి స్టెరాయిడ్ తోడైతే ఏమవుతుందో 2021లో బ్లాక్ ఫంగస్ రోజుల్లో చూశాం. ఏటా వేయించే ఫ్లూ టీకా గురించి, అలాగే న్యుమోనియా టీకా గురించి అమ్మగారి డాక్టర్‌ని అడగండి.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సీమీటర్ (వేలికి తగిలించేది) కొని, అమ్మగారు బాగున్న రోజునే చూసి ఆ అంకె రాసి పెట్టండి. మామూలు మనుషులకి 94 కంటే తగ్గితే ఆసుపత్రికి వెళ్ళమంటారు గానీ, సీవోపీడీ ఉన్న కొందరికి రోజూ ఉండేదే తక్కువ. ఎంతకి పడితే బయలుదేరాలో డాక్టర్ చేతే ఆ కాగితం మీద రాయించండి. గోళ్ళకి రంగు ఉంటే తుడిచి చూడండి, లేకపోతే అంకె తప్పు రావచ్చు.