అకౌంట్స్ అని పిలిచి వసూళ్లకు పంపుతామంటే?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. బీకాం చేసి నాలుగేళ్లు అకౌంట్స్‌లో పనిచేశాను. అమ్మ ఆపరేషన్ కోసం మానేసి ఎనిమిది నెలలైంది. ఉద్యోగాలకని ఫోన్లు రోజూ వస్తాయి, అన్నీ పాలసీలు అమ్మడం, టెలికాలింగే. మొన్న ‘అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్’ అని బేగంపేట పిలిచారు. తీరా వెళ్తే బాకీల వసూళ్లన్నారు. సీటీసీ (కంపెనీ ఏడాదికి మన మీద పెట్టే మొత్తం ఖర్చు) 3.6 లక్షలు, శుక్రవారంలోగా చెప్పమన్నారు. ‘వచ్చినదాన్ని కాలదన్నుకుంటావా’ అని నాన్న మాట్లాడటం లేదు. - కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ 3.6 లక్షల సంగతి కాగితం మీద చూద్దాం. వసూళ్ల ఉద్యోగంలో కొంత జీతం టార్గెట్‌కు ముడిపడి ఉంటుంది. అది ఏడాదికి 36,000 అనుకుంటే మిగిలేది నెలకు 27,000. అందులోంచి కంపెనీ వాటా పీఎఫ్ 1,800, బేసిక్ 15,000 అయితే గ్రాట్యుటీ కింద 720 దాకా పోతాయి. మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 కూడా తీస్తే చేతికొచ్చేది 22,500 లోపే. నాన్నగారి చెవిన పడింది నెలకు 30,000. సగం గొడవ అక్కడే ఉంది. ఈ లెక్క ఆయన ముందు పెట్టండి.

ఇక ఆ ఫోన్లు. రిక్రూటర్ మీ రెజ్యూమె చదివి పిలవడు, జాబ్ పోర్టల్‌లో మాటలు కొట్టి వెతుకుతాడు. ‘కమ్యూనికేషన్ స్కిల్స్’, ‘కస్టమర్ హ్యాండ్లింగ్’, ‘ఏ పనికైనా సిద్ధం’ అని ఉంటే టెలికాలింగ్ వాళ్లకే దొరుకుతారు. అవి తీసేయండి. హెడ్‌లైన్‌లో అకౌంటెంట్, టాలీ ప్రైమ్, జీఎస్‌టీ అని పెట్టి, కింద జీఎస్‌టీఆర్-1, 3బీ (నెలనెలా వేసే జీఎస్‌టీ రిటర్నులు), టీడీఎస్, బ్యాంక్ రీకన్సిలియేషన్ రాయండి. నెలకు ఎన్ని బిల్లులు ఎక్కించేవారో అంకె వేయండి. ఎనిమిది నెలల ఖాళీకి ‘ఇంట్లో వైద్య అవసరం, ఇప్పుడు తీరింది’ అన్న ఒక్క ముక్క చాలు.

ఫోన్ రాగానే జీతం కాదు, ‘టార్గెట్ ఉందా? ఎవరి పేరోల్ మీద, అంటే జీతం ఇచ్చేదెవరు?’ అని అడగండి. నీళ్లు నమిలితే అక్కడితో పెట్టేయండి, బస్సు ఛార్జీలైనా మిగులుతాయి. రిజిస్ట్రేషన్ ఫీజన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మన్నా వెళ్లొద్దు. డబ్బు కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

మీ అనుభవానికి ఆడిటర్ల ఆఫీసులు, హోల్‌సేల్ దుకాణాలు నయం. వాళ్లలో చాలామంది పోర్టల్‌లో ప్రకటన ఇవ్వరు, తెలిసినవాళ్ల ద్వారా తీసుకుంటారు. నెలలో 11లోపు జీఎస్‌టీఆర్-1, 20కి 3బీ హడావుడి కాబట్టి 25 దాటాక కలవండి.

బేగంపేట వాళ్లకు శుక్రవారందాకా ఆగక్కర్లేదు. హోదా, చేయాల్సిన పని, ఫిక్స్‌డ్ ఎంత, ఇంతకాలం మానకూడదన్న బాండ్ ఉందా అన్నవి మెయిల్‌లో పంపమని రేపే అడగండి. అందులో వసూళ్లనే ఉంటే వద్దనండి. ఏడాది ఆ పని చేస్తే తర్వాతి ఫోన్లూ వసూళ్లకే వస్తాయి. నాన్నగారిని మాత్రం ఆరు వారాలు గడువడగండి. ఈలోగా దగ్గర్లోని షాపులో సాయంత్రాలు పార్ట్‌టైమ్‌గా లెక్కలు రాయండి. ఇంట్లోకి నాలుగు డబ్బులొస్తే ఆయనా కాస్త మెత్తబడతారు, రెజ్యూమెలో ఖాళీ కూడా అక్కడితో ఆగుతుంది.