నోరు లేని బొమ్మలు

"దాడి జరిగి రెండేళ్లయింది. ఏడాదిగా అద్దం ముందు కూర్చుని నా బొమ్మే గీసుకుంటున్నాను, పదకొండింటిలో ఒక్కదానికీ నోరు పెట్టలేకపోయాను. అక్కేమో గాయం కెలుక్కుంటున్నావు, ఆపెయ్ అంటోంది. నాకు పిచ్చి పడుతోందా?" అని రాశారు.

పిచ్చీ లేదు, ఏమీ లేదు. ఉత్తరం చివర్లో ఓ మూల "అప్పుడు అరవలేకపోయాను" అని రాసి, ఆ మాట మళ్లీ ఎత్తలేదు మీరు. భయం హద్దు దాటితే గొంతు పెగలదు, కాళ్లూ చేతులూ కొయ్యబారిపోతాయి, అది మీ నిర్ణయం కాదు, ఒప్పుకోవడం అసలే కాదు, ఒళ్లు తనంతట తాను చేసే పని, ఇలాంటి లైంగిక దాడుల్లో చాలామందికి అలాగే అవుతుంది. నోటితో చెప్పలేనిది మీ చెయ్యి ఎప్పుడో చెప్పేసిందని నాకనిపిస్తోంది. కాబట్టి నోరు గీసి తీరాలని పంతం పట్టకండి.

ఇటలీ చిత్రకారిణి ఆర్టెమిసియా జెంటిలెస్కి మీద 1611లో అత్యాచారం జరిగింది. మరుసటేడు విచారణలో, నిజమే చెబుతోందా అని తేల్చడానికి ఆమె వేళ్లకే తాళ్లు చుట్టి బిగించారు. బొమ్మలు గీసే వేళ్లకి! కొన్నేళ్లకి, చిత్రహింసలు పడిన క్రైస్తవ పునీతురాలు సెయింట్ కాథరిన్‌గా తన ముఖాన్నే గీసుకుంది, హింసించడానికి తెచ్చిన చక్రం విరిగిపోతే దాని మీద చెయ్యి ఆనించి, సూటిగా మనవైపే చూస్తూ. ఆమె గీసినవన్నీ ఆ ఒక్క ఘటనకే ముడిపెట్టేవాళ్లంటే మాత్రం నాకు చిరాకు. మీరూ అప్పుడప్పుడు వేరేవి గీయండి, ఊరికే, ఓ చెప్పుల జతైనా సరే.

అక్క భయం పూర్తిగా తప్పు కాదు. కుంచె పక్కన పెట్టాక అలసటగా ఉన్నా మనసు కాస్త తేలికపడితే పర్వాలేదు. గంటలు ఎలా గడిచాయో తెలియకపోయినా, ఒళ్లు మొద్దుబారినా ఆ రోజుకి ఆపెయ్యండి. అద్దం గోడవైపు తిప్పేసి, పాదాలు నేలకి గట్టిగా ఆనించి, గదిలో కనబడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పుకోండి. పిల్లల ఆటలా ఉంటుంది గానీ చాలామందికి పనిచేస్తుంది. కూర్చునే ముందే అరగంటకి అలారం పెట్టుకోండి.

పీడకలలు తగ్గకపోతే లైంగిక దాడి బాధితులతో పనిచేసిన కౌన్సెలర్‌ని కలవండి, బొమ్మలు చికిత్సకి తోడే గానీ బదులు కాదు. మాటలు రాకపోతే ఓ బొమ్మ ఫొటో చూపించండి చాలు. చనిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు, అక్కని లేపండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అక్కతో "ఆపమనకు, గీసేటప్పుడు పక్కగదిలో ఉండు" అని చెప్పి చూడండి. ఆ పదకొండూ ఆమెకి చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. చింపేద్దామంటే మాత్రం ఒప్పుకోకండి.