వెల్డింగ్ షెడ్డు షట్టరుకు ఏ మోటారు తీసుకోవాలి?

12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల ఇనుప రోలింగ్ షట్టరుకు ఏ మోటారు సరిపోతుందని అడిగారు. ముందు చూడవలసింది షట్టరు బరువు. రేకు 18 గేజి (సుమారు 1.2 మి.మీ. మందం) అయితే షట్టరు సుమారు 150 కిలోలు ఉంటుంది కనుక, దుమ్ము, తుప్పు పట్టి పక్క గైడ్లలో బిగుసుకునే రోజులను కూడా లెక్కలో వేసుకుని, 300 కిలోల సామర్థ్యం గల సైడ్ మోటారు (షట్టరుకు ఒక పక్కన బిగించేది) తీసుకోవడం మంచిది. దానికి సింగిల్ ఫేజ్ కరెంటు చాలు. కరెంటు పోయినప్పుడు చేత్తో లాగే గొలుసు తప్పనిసరిగా ఉండాలి. బిగించిన రోజే మీరు స్వయంగా లాగి చూడండి. రోజుకు పదిసార్లు తెరిచి మూసేవారైతే, మోటారు ఆగకుండా ఎన్ని నిమిషాలు తిరగగలదో కూడా అడగండి, ఎందుకంటే ఇవి బాగా వేడెక్కితే ఆగిపోయి, చల్లారేదాకా కదలవు. రిమోట్ కన్నా ముఖ్యమైనది, కింద మనిషి గానీ గ్యాస్ సిలిండరు ట్రాలీ గానీ ఉన్నప్పుడు దిగుతున్న షట్టరును ఆపే సెన్సారు. ఆ ఖర్చుకు మాత్రం వెనకాడవద్దు.