ఏడేళ్ళ బాబుకి బ్లాక్ కోడింగ్ ఇంట్లోనే ఎలా మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: బాబు రెండో తరగతి, ఏడేళ్ళు. ఇంట్లోనే బ్లాక్ కోడింగ్ నేర్పాలని ఉంది కానీ మీకు ప్రోగ్రామింగ్ రాదు. డబ్బు కట్టి ఆన్‌లైన్ క్లాసులో చేర్చడం తప్పదా?

తప్పదని ఏమీ లేదండి. బ్లాక్ కోడింగ్ అంటే, ఆజ్ఞల బ్లాకుల్ని తెర మీద లాగి ఒకదానికొకటి అతికించి బొమ్మల్ని కదిలించడమే. మీకు ప్రోగ్రామింగ్ రాకపోవడం ఈ వయసు పిల్లల విషయంలో మంచిదే అంటాను. తెలిసినవాళ్ళం ఆగలేం, మౌస్ లాక్కుని "ఇదిగో ఇలా" అని చేసేస్తాం. తెలియని అమ్మ పక్కన కూర్చుని "ఇదేంటి నాన్నా, నాకు చెప్పు" అని అడుగుతుంది. పిల్లవాడికి కావలసింది ఆ రెండోదే.

నేను హనుమకొండలో ఉంటాను. కొన్నేళ్ళుగా ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఐదారుగురిని కూర్చోబెట్టుకుంటున్నాను. ఆరేళ్ళ నుంచి పదేళ్ళ లోపు వాళ్ళు. దీనికి కారణం మా అమ్మాయి. లాక్‌డౌన్ రోజుల్లో అందరిలాగే టెన్షన్ పడి దాన్ని ఒక ఆన్‌లైన్ కోడింగ్ కోర్సులో చేర్చాం. చివరి రోజు బంతిని బ్యాటుతో ఆపే ఆట ఒకటి చేసి చూపించింది. ఇంట్లో అందరం మురిసిపోయాం. రెండు రోజుల తర్వాత మా మామగారు ఆడబోతే బంతి అందలేదు. "తాతయ్య కోసం బంతిని కొంచెం మెల్లగా పోయేలా చెయ్యమ్మా" అన్నాను. పిల్ల తెర వంక చూస్తూ కూర్చుండిపోయింది. అంత ఆటలో మార్చాల్సింది ఒక్క అంకె. అది ఎక్కడుందో దానికి తెలియదు. క్లాసులో "ఈ బ్లాకు లాగు, అక్కడ పెట్టు, పది కొట్టు" అని చెప్పుకుంటూ పోయారు, ఇది అలాగే చేసుకుంటూ పోయింది. ఆ రోజు దాని ముఖం చూసి నాకు చాలా బాధేసింది. తనకు రాదేమో అనుకుంది పాపం. నిజానికి దానికి ఎవరూ నేర్పనే లేదు.

అందుకే నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒకటే. పెట్టిన బ్లాకుల్ని నడిపించే ముందు ఏం జరుగుతుందో పిల్లలు నోటితో చెప్పాలి. "ముందు చెప్పు, తర్వాత నొక్కు." చెప్పినట్టు జరిగితే సంతోషం, జరగకపోతే ఇంకా సంతోషం, ఎందుకంటే అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక ఏది వాడాలో చెప్తాను. మీ బాబు వయసుకి స్క్రాచ్ జూనియర్ అనే బ్లాక్ కోడింగ్ యాప్ సరిపోతుంది. 2014లో వచ్చింది, ఉచితం, ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లల కోసమే చేశారు. బ్లాకుల మీద మాటలు ఉండవు, బొమ్మలే ఉంటాయి. కుడి బాణం ఉంటే కుడికి పోతుంది, కింద ఉన్న అంకె ఎన్ని గళ్ళో చెప్తుంది. ఇంగ్లీషు చదవడం రాని పిల్లలు కూడా అరగంటలో అందుకుంటారు. ట్యాబ్ ఉంటే చాలు. ఫోన్ తెర చిన్నది కాబట్టి బ్లాకులు లాగడం కష్టమై పిల్లలు విసుక్కుంటారు.

ఎనిమిదేళ్ళు దాటాక స్క్రాచ్, అదే తరహాలో కాస్త పెద్ద పిల్లలకి. అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెజ్నిక్ బృందం తయారు చేసింది, 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇదీ ఉచితమే. దీనికి కంప్యూటరు, మౌస్ ఉంటే మంచిది. నెట్ సరిగా రాని చోట కంప్యూటర్‌లోకి దించుకుని నెట్ లేకుండానే వాడుకోవచ్చు. ఖాతా తెరవకపోయినా పని జరుగుతుంది, కాకపోతే చేసినదాన్ని కంప్యూటర్‌లోకి సేవ్ చేసుకోవాలి. ఒక పాప గంటసేపు చేసిన కథ సేవ్ చేయకుండా మూసేసి పోగొట్టుకుంది. ఆ ఏడుపు ఆపడానికి ఇంకో గంట పట్టింది. అప్పటినుంచి మా దగ్గర లేచే ముందు సేవ్ చేయడం చెప్పులేసుకున్నంత అలవాటు.

అయితే మొదటి రోజు ట్యాబ్ తీయకండి. హాల్లో టైల్స్ ఉన్నాయిగా, అక్కడ మొదలుపెట్టండి. మీరు రోబో, బాబు యజమాని. హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి మంచినీళ్ళ సీసా తేవాలి. వాడు చెప్పిందే చేయాలి, చెప్పనిది చేయకూడదు. "ముందుకెళ్ళు" అంటే గోడ తగిలేదాకా వెళ్ళిపోండి. "ఎన్ని గళ్ళో చెప్పాలి కదా" అని వాడే అంటాడు.

ఈ ఆటలో మన భాషకు సంబంధించిన చిక్కు ఒకటి బయటపడుతుంది. "కుడికి వెళ్ళు" అంటాం. దాని అర్థం కుడివైపుకి తిరగమనా, తిరిగి నడవమనా, ముఖం ఇటే పెట్టి పక్కకు జరగమనా? మనిషికైతే అర్థమైపోతుంది. కంప్యూటర్‌కి ఇవి వేరువేరు ఆజ్ఞలు. అందుకని మా పిల్లలకి "తిరుగు", "నడు", "జరుగు" అని మూడు మాటలు ముందే విడదీసి ఇస్తాను. ఇంకొకటి, రోబో వాడికి ఎదురుగా నిలబడితే రోబో కుడి వాడికి ఎడమవుతుంది. మొదట్లో అందరూ పొరబడతారు. ఒక పిల్లవాడు తనంతట తానే లేచి వచ్చి నా వెనక నిలబడి, నేను చూస్తున్న వైపే చూస్తూ ఆజ్ఞలివ్వడం మొదలుపెట్టాడు. వాడికి ఆరేళ్ళు! ఆ రోజంతా ఆ సంగతే అందరికీ చెప్పుకున్నాను.

ఇది నా సొంత ఉపాయమేమీ కాదు. 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోర్జైగ్ పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారు చేశారు. అందులో తాబేలని పిలిచే చిన్న రోబోకో, తెర మీది గుర్తుకో ఆజ్ఞలిచ్చి బొమ్మలు గీయించేవాళ్ళు. ఎక్కడైనా తికమక పడితే పిల్లల్ని తామే తాబేలై నడిచి చూడమనేవాడు పాపర్ట్. ఆ ఆలోచనల నీడలోనే స్క్రాచ్ పుట్టింది. ఏళ్ళు గడిచినా, తెర మీద అర్థం కానిది కాళ్ళతో నడిస్తే అర్థమవుతుందన్నది నేను ప్రతి ఆదివారం చూస్తున్నాను.

స్క్రాచ్ జూనియర్‌లో తిరిగే బ్లాకు దగ్గర ఒక సౌకర్యం ఉంది. అక్కడ డిగ్రీలు లేవు. 12 అని పెడితే పూర్తి చుట్టు తిరుగుతుంది, అచ్చం గడియారంలాగా. గోడ గడియారం చూపించి "ముల్లు పన్నెండు నుంచి మూడుకి వస్తే ఎంత తిరిగినట్టు?" అని అడగండి. 3 పెడితే పావు చుట్టని వాడే కనిపెడతాడు. పనిలో పనిగా గడియారం చూడటమూ వస్తుంది.

మొదటి నెలంతా నాలుగైదు రకాల బ్లాకులు చాలు: పచ్చజెండా (నొక్కితే బ్లాకులు పని మొదలుపెడతాయి), నాలుగు దిక్కుల కదలిక, మాట్లాడే బ్లాకు, గొంతు రికార్డు చేసేది, మళ్ళీ మళ్ళీ చేయించేది. గొంతు రికార్డు చేయడం పిల్లలకి మహా ఇష్టం. ఒక పాప వాళ్ళ నానమ్మ చేత "అన్నం తిన్నావా బంగారం?" అనిపించి, తెర మీద కదిలే పిల్లి బొమ్మకి పెట్టింది. పాప జెండా నొక్కినప్పుడల్లా పిల్లి నడిచొచ్చి నానమ్మ గొంతుతోనే అడుగుతుంటే, ఆవిడ "ఇంకోసారి, ఇంకోసారి" అంటూ నొక్కించుకున్నారు. యాప్ ఇంగ్లీషుదైతే ఏం, అందులో పుట్టే కథ తెలుగులో ఉండొచ్చు. స్క్రాచ్‌కి వచ్చాక కూడా తెలుగు మీడియం పిల్లలకి నేను బ్లాకుల్ని రంగుతో, తెలుగు మాటతో చెప్తాను. "నీలం వాటిలో, అంచు తగిలితే వెనక్కి తిరిగేది తీసుకో" అంటే టక్కున తీస్తారు. నెల తిరిగేసరికి స్క్రాచ్ బ్లాకుల మీద ఉన్న ఇంగ్లీషు మాటలు వాళ్ళకే వచ్చేస్తాయి.

తప్పు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. మా దగ్గర జరిగిన ఒకటి చెప్తాను. ఎనిమిదేళ్ళ బాబు స్క్రాచ్‌లో పిల్లిని 50 అడుగులు ముందుకు, మళ్ళీ 50 అడుగులు వెనక్కి నడిపించాలనుకున్నాడు. రెండు బ్లాకులూ సరిగ్గానే పెట్టాడు, రెండోదానిలో మైనస్ 50. జెండా నొక్కితే పిల్లి కదల్లేదు. "ఆంటీ, ఇది చెడిపోయింది" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. "నువ్వే పిల్లివి, చేసి చూపించు, నేను కళ్ళు మూసుకుంటాను" అన్నాను. వాడు రెండడుగులు ముందుకేసి వెనక్కొచ్చి నిలబడ్డాడు. కళ్ళు తెరిచి "నువ్వు కదల్లేదుగా" అన్నాను. "కదిలాను, మీరు చూడలేదు!" అని అరిచి, అంతలోనే నోరు తెరుచుకుని ఆగిపోయాడు. పిల్లి కూడా వెళ్ళొచ్చేసింది, మన కంటికి అందనంత త్వరగా. "మధ్యలో దాన్ని కాసేపు ఆపే బ్లాకు ఉందా ఆంటీ?" అని వాడే అడిగాడు. ఉంది, ఒక సెకను ఆగమనే బ్లాకు. వెతుక్కుని పెట్టుకున్నాడు. నేను ముందే "మధ్యలో ఆగే బ్లాకు పెట్టు" అని ఉంటే పది సెకన్లలో అయిపోయేది, మర్నాటికి మర్చిపోయేవాడు.

ఇలాంటివి ఇంకో రెండు మీకూ తప్పక ఎదురవుతాయి. స్క్రాచ్‌లో పిల్లి ఆగిన చోటే ఉండిపోతుంది, రెండోసారి జెండా నొక్కితే అక్కడినుంచే బయల్దేరుతుంది. అందుకే మొదటి బ్లాకుగా స్టేజీ (పిల్లి తిరిగే చోటు) మధ్యకి, అంటే 0, 0కి రమ్మనే ఆజ్ఞ పెట్టించండి. మేం దాన్ని "ఇంటికి రా" అంటాం. రెండోది, అంచు తగిలి వెనక్కి తిరిగిన పిల్లి తలకిందులుగా నడుస్తుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్వనివ్వండి. తర్వాత, తిరిగే పద్ధతిని ఎడమ కుడి అని మార్చే చోటు చూపించండి.

మీ బాబుకి ఇప్పుడే కాదుగానీ, ఒకటి రెండేళ్ళలో ముగ్గుల దాకా తప్పకుండా తీసుకెళ్ళండి. సంక్రాంతి సెలవుల్లో ఒక తొమ్మిదేళ్ళ అమ్మాయి స్క్రాచ్‌లో పెన్ బ్లాకులతో (పిల్లి నడిచిన దారిలో గీత గీసేవి) ముగ్గు వేస్తానంది. 100 అడుగులు నడు, 90 డిగ్రీలు తిరుగు, ఇది నాలుగుసార్లు చేస్తే చదరం వచ్చింది. త్రిభుజానికి మూడుసార్లు, 60 డిగ్రీలు పెట్టింది, బళ్ళో మూల 60 అని చెప్పారు కాబట్టి. త్రిభుజం రాలేదు. "గిన్నె ఒరిగిపోయినట్టు వచ్చింది" అంది. నేల మీద సుద్దతో త్రిభుజం గీసి దాని మీద నడవమన్నాను. మూల దగ్గర ఒళ్ళు ఎంత తిరుగుతోందో చూసుకుంది. లోపలి మూల 60 అయినా మనం తిరగాల్సింది 120. బయల్దేరిన చోటికొచ్చి మొదటిలాగే నిలబడేసరికి ఒక పూర్తి చుట్టు, 360. దాన్ని మూడు మలుపులకి పంచాలి. అది తట్టగానే అయిదు భుజాలకి 72 అని తనే లెక్కగట్టింది. ఆ గిన్నెని కూడా పారేయలేదు, మూడుని ఆరు చేస్తే తేనెపట్టు గదిలా మూసుకుంది. చివరికి చదరాన్ని పది పది డిగ్రీలు తిప్పుతూ 36 సార్లు వేస్తే తెర నిండా పువ్వు విచ్చుకుంది. వాళ్ళ అమ్మమ్మ వచ్చి చూసి, "చుక్కలు పెట్టకుండా ఎలా వేశావే" అని అడిగి, మనవరాలి పక్కన కూర్చుని చెప్పించుకున్నారు.

సమయం సంగతి. ఏడేళ్ళ పిల్లలకి ఇరవై ఐదు నిమిషాలు దాటితే చూపు పక్కకి పోతుంది. వారానికి రెండుసార్లు అరగంట చాలు. రోజూ పెట్టకండి. వీడియో చూసి మక్కీకి మక్కీ చేయించకండి, చేయించినా చివర్లో "ఇందులో నీకు నచ్చని ఒకటి మార్చు" అనండి. ఇద్దరు పిల్లలుంటే ఒకరు చెప్పాలి, ఒకరు మౌస్ పట్టుకోవాలి, పది నిమిషాలకి మార్చుకోవాలి. మీ చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకోండి. నాకు ఇప్పటికీ ఇదే కష్టం.

వెనకబడిపోతాడేమో అన్న భయం మీ ప్రశ్నలో కనిపించింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా కోడింగ్‌ని 6 నుంచి 8 తరగతుల దశలో పరిచయం చేయమంది. మీ బాబు రెండో తరగతి. సర్టిఫికెట్ చూపించి, ఇప్పుడు చేరకపోతే అవకాశం పోతుందని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. తర్వాత ఎప్పుడైనా క్లాసులో చేర్చాలనిపిస్తే, ఒక్క పరీక్ష పెట్టండి. పిల్లవాడు అక్కడ చేసిన ఆటలో ఏదైనా ఒకటి మార్చమని ఇంట్లో మీరే అడగండి. వెతుక్కుని, తడబడి అయినా మార్చగలిగితే ఆ క్లాసు మంచిదే.

ఈ ఆదివారం టైల్స్ ఆట ఆడండి, ట్యాబ్ వచ్చే వారం. ఎక్కడైనా ఆగిపోతే బాబు పెట్టిన బ్లాకుల ఫోటోతో పాటు, వాడు ఏం జరుగుతుందనుకున్నాడో కూడా రాయండి. చూసి చెప్తాను.