సాక్షికి బెదిరింపులు: రక్షణ ఎలా కోరాలి?

హత్యాయత్నం కేసులో ప్రత్యక్ష సాక్షి అయిన మీ తమ్ముణ్ణి నిందితుల బంధువులు బెదిరిస్తున్నారని, కోర్టుకు వెళ్లకుండా ఉండవచ్చా అని అడిగారు. సమన్లు అందాక గైర్హాజరైతే వారంటు జారీ కావచ్చు కనుక, రక్షణ కోరడమే మేలు.

సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 5న ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ప్రకారం, జిల్లా సెషన్స్ జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి, దాని సభ్య కార్యదర్శి అయిన జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి ద్వారా దరఖాస్తు చేయాలి. డీఎస్పీ లేదా ఏసీపీ ముప్పు తీవ్రతపై సాధారణంగా ఐదు పనిదినాల్లో నివేదిక ఇస్తారు. ముప్పు తక్షణమైతే, నివేదిక రాకముందే మధ్యంతర రక్షణకు కమిటీ ఆదేశించవచ్చు. ఇంటివద్ద గస్తీ, కోర్టుకు పోలీసు తోడు, నిందితుడికి ఎదురుపడకుండా వాంగ్మూలం ఇచ్చే ఏర్పాటు వంటివి కోరవచ్చు. రక్షణ ఒక్కోసారి మూడు నెలలకు మించదు కాబట్టి గడువు ముగియకముందే పొడిగింపు అడగండి. నోటిమాటగా చెప్పిన బెదిరింపులను నిరూపించడం కష్టం. ఫోన్ సందేశాలను చెరపకుండా దరఖాస్తుకు జతచేయండి.