ప్లాను తర్వాత, ముందు ఒక షిఫ్టు అక్కడ కూర్చో బిడ్డా

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కమ్యూనికేషన్ ప్లాను రాత్రి చదివాను, మీ పెద్దమ్మ లైటు ఆర్పమని గొణుగుతుంటే, ఆ పట్టికను వేళ్లతో సాగదీసి సాగదీసి. ఎవరికి ఏం చెప్పాలి, ఎప్పుడు, ఎట్లా, అన్నీ శుభ్రంగా రాశావు. కాకపోతే అది మాదాపూర్‌లో మీ ఆఫీసుకు పనికొచ్చే ప్లాను. నువ్వు సాఫ్ట్‌వేర్ పెట్టాల్సింది గీసుగొండ దగ్గరి మిల్లులో.

పీఎంఐ, అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పుస్తకం ఆరో ఎడిషన్, నువ్వు బట్టీ పట్టిందే, కమ్యూనికేషన్ ప్లానుకు ముందు చూసుకోవాల్సిన వాటిలో ‘ఎంటర్‌ప్రైజ్ ఎన్విరాన్‌మెంటల్ ఫ్యాక్టర్స్’ అని ఒక లైను రాస్తుంది. అంటే ఆ సంస్థ గాలి ఎట్లా ఉంది, ఎవరి మాట చెల్లుతుంది, ఏ పద్ధతులు అలవాటు, మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారు అని. అందరూ దాన్ని పరీక్ష కోసం చదివి దాటేస్తారు. నేనూ దాటేశాను, దెబ్బ తిన్నాను.

2012 మేడారం జాతర అప్పటి మాట. నేనప్పుడు నీళ్ల పైపులైన్లు వేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఉన్నాను, పేరు ఎందుకులే. పరకాల వైపు సైటు. లైను రోడ్డుకు ఎడమ పక్క కాదు, కుడి పక్క పోవాలని డ్రాయింగ్ మారింది. హన్మకొండ ఆఫీసు నుంచి ఆరుగురికి మెయిల్ కొట్టి, నా పని అయిపోయిందనుకున్నాను. నాలుగు రోజులకు సైటుకు పోతే రెండు వందల మీటర్ల దాకా కందకం ఎడమ పక్కనే తవ్వి ఉంది. కంటైనర్ గోడకు పాత డ్రాయింగే అతికించి ఉంది. కంప్యూటర్ మీద తువ్వాల కప్పి, దాని మీద ఎవరిదో టిఫిన్ డబ్బా. మేస్త్రీ చాయ్ గ్లాసు పట్టుకుని “మాకెవరూ చెప్పలే కద సార్” అన్నాడు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ సైటుకు డ్రాయింగులు ఎప్పుడూ డీజిల్ తెచ్చే జీపు డ్రైవర్‌తోనే పోతాయి, కాగితం చేతికిచ్చి “గిట్ల మార్చమన్నరు” అని నోటితో కూడా చెప్పేది అతనే. ఆ వారం అతను ఇంటిల్లిపాదితో బెల్లం బంగారం ఎత్తుకుని జాతరకు, సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోయాడు. నా ప్లానులో ఎక్కడా లేని మనిషి!

ఇంకోటి, నాకు మెమో వచ్చింది చూడు, అది మెయిల్‌లో రాలేదు. టైపు చేసిన కాగితం, సంతకం, ఇన్‌వార్డు నంబరు, తపాల్లో. ఆ కంపెనీలో గట్టి మాట ఏదైనా కాగితం మీదే నడుస్తుందని నాకు ముందే తెలియాల్సింది.

అందుకే చెప్తున్నా, ఆ మిల్లులో మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారేటప్పుడు వెళ్లి నిలబడు. వచ్చేవాడికి పోయేవాడు ఏం చెప్తున్నాడు, ఎందులో రాస్తున్నాడు చూడు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టిస్తారని నువ్వే అన్నావు, మరి నీ వాట్సాప్ గ్రూపు ఎనిమిది గంటలు ఎవరికి మోగుతుంది? వాళ్లు రోజూ తెరిచేది షిఫ్టు రిజిస్టర్, నీ కబురు కూడా అర పేజీలో అందులోనే అతికించు. ఒడిశా, బీహార్ వాళ్లున్నారు కాబట్టి కింద హిందీలో నాలుగు ముక్కలు రాయించు.

ఇక పెద్ద విషయం. మెషీన్ల మీద పనిచేసేవాళ్లు నీ మనుషులు కాదు, ప్రొడక్షన్ మేనేజర్ మనుషులు. సెలవు ఇచ్చేదీ, ఇంక్రిమెంట్ రాసేదీ ఆయనే కాబట్టి, నువ్వు మీటింగ్ ఇన్విటేషన్ పంపితే వాళ్లు ఆయన ముఖం చూస్తారు. ప్రతి చెడు వార్తా ముందు ఆయనకు ఒంటరిగా, నోటితో చెప్పు. పని రెండు వారాలు లేటని జీఎం, అంటే జనరల్ మేనేజర్ ముందు మీటింగ్‌లో మొదటిసారి విన్నాడనుకో, ఆ రోజు నుంచి నీకు ఒక్క ఆపరేటర్ కూడా దొరకడు. మీ ఆఫీసులో అయితే అట్లా గదిలోకి పోయి చెప్పడం చాటుమాటు వ్యవహారం అనిపించుకుంటుంది. ఇక్కడ అది మర్యాద.

రోజూ పన్నెండు మందితో మీటింగ్ అని రాశావు, అది కొట్టెయ్. పన్నెండు మందంటే ఒకరితో ఒకరు మాట్లాడుకునే జతలు 66, ఆరుగురైతే 15. అసలు అక్కడ మాటలన్నీ ముగ్గురి చుట్టే తిరుగుతుంటాయి, నాకు తెలిసి స్టోర్ కీపర్ అందులో ఒకడై ఉంటాడు. డ్యాష్‌బోర్డు లింకు జీఎం తెరవడు, ఒక్క పేజీ ప్రింటు బల్ల మీద పెట్టు. నెలాఖరున స్టాకు లెక్కలప్పుడు ఎవరినీ కదిలించకు.

మీ కంపెనీ వాళ్లు ఫార్మాట్ మార్చొద్దంటే వాళ్లకు ఆ ఫార్మాట్‌లోనే రిపోర్టు పంపు, మిల్లుకు వేరేగా రాసుకో. రెండు ప్లాన్లుంటే తప్పేం లేదు.

శనివారం మిల్లు నుంచి వచ్చేటప్పుడు హన్మకొండలో దిగు, మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తానంది. మార్చిన ప్లాను ప్రింటు తీసుకురా, ఫోన్‌లో పంపితే నేను చదవను.

మీ పెద్దబాపు